కాజాలకు దక్కని మాట

ఆ కోట్ల దుకాణంలో మెచ్చుకోలుకు ఎప్పుడూ కరువే. పని బాగాలేకపోతే కట్టింగ్ మాస్టరు కోటును కుట్టినవాళ్ళ ఒళ్ళోకి విసిరేవాడు. బాగుంటే ఏమీ అనకుండా పక్కన పెట్టేవాడు. ఏమీ అనలేదంటే ఆ పూటకు గండం గడిచినట్టే. వీటన్నిటికీ పైన ఒకే ఒక్క మాట ఉండేది. అది ఇంగ్లీషు మాట. సూపర్బ్.

ఆ మాటను దుకాణంలోకి తెచ్చింది పెద్ద యజమాని. ఆయన పడుచువాడిగా ఉన్నప్పుడు ఎక్కడినుంచో వచ్చిన ఒక పెద్దమనిషి కోటు తొడుక్కుని, అద్దంలో ముందూ వెనకా చూసుకుని, ఆ ఒక్క మాట అని వెళ్ళిపోయాడట. అర్థమేమిటని ఆయన చదువుకున్నవాళ్ళను అడిగాడు. ఒకరు బ్రహ్మాండం అన్నారు, ఇంకొకరు అద్భుతం అన్నారు. ఆయనకు రెండూ నచ్చలేదు. బ్రహ్మాండం విందు భోజనానికీ అంటారు, అద్భుతం గారడీవాడికీ అంటారు. చివరికి తనే తేల్చేశాడు: "ఇక దీనిమీద చెయ్యి వెయ్యడానికి ఏమీ లేదు అని అర్థం."

అందుకని ఆ మాట అన్నాక ఆ కోటుమీద కత్తెర ఆడకూడదు, సూది దిగకూడదు. ఆ మాటకు ముందు 'చాలా' తగిలించకూడదు. "చచ్చినవాణ్ని చాలా చచ్చాడంటామా?" అనేవాడు పెద్దాయన.

ఉత్త మాటతో కడుపు నిండదని ఆయనే ఇంకో పద్ధతి పెట్టాడు. మేడమీద పనిగదికి ఉన్నది ఒక్కటే కిటికీ. దాని పక్కన ఒక బల్ల. ఎవరి పనికి ఆ మాట వస్తే వాళ్ళు తమ సూదిదారాల పెట్టె తెచ్చుకుని ఆ బల్ల దగ్గర కూర్చోవాలి, ఇంకొకరికి ఆ మాట వచ్చేదాకా. మిగతావాళ్ళకు తాళ్ళకు వేలాడే పసుపు బల్బులే దిక్కు. బల్బు వెనక ఉంటే నీడ గుడ్డమీద పడుతుంది, ముందు ఉంటే కళ్ళలో కొడుతుంది. పగటి వెలుతురు మాత్రం గుడ్డమీద నీళ్ళలా పరుచుకుంటుంది. కుట్టుపని చేసినవాళ్ళకు తెలుస్తుంది ఆ తేడా.

పెద్దాయన పోయాక ఆ మాట తాళంచెవిలా మాస్టరు చేతికి వచ్చింది. ఆయన దాన్ని ఒకే ఒక్కసారి వాడాడు. లైనింగు కుట్టే ముసలాయన కుట్టిన ఒక కోటుకు. అప్పటినుంచి ముసలాయన పేరు కిటికీ దొర. ఆయన బల్ల దగ్గర కూర్చుని కోట్లకన్నా వీధినే ఎక్కువ చూసేవాడు. మధ్యాహ్నం ఎండ మొహాన పడితే చక్కగా కునుకు తీసేవాడు.

మాస్టరు భార్య గుండీలు కుట్టేది. ఆమె చెల్లెలు కాజాలు కుట్టేది. "అక్క గుండీ, చెల్లి కాజా. ఇద్దరూ కలిస్తేగానీ కోటు మూసుకోదు" అని దొర జోకు వేసేవాడు. మాస్టరు వెంటనే అందుకునేవాడు. "మధ్యలో నలిగేది మాత్రం నేను."

చెల్లెలి మొగుడు ఇంకో ఆవిడతో వెళ్ళిపోయినప్పుడు ఆమెను ఈ పనిలో పెట్టించింది బావే. ఉపకారం చేసినవాడు దాన్ని మరిచిపోతేనే అది ఉపకారం. మాస్టరు మరిచిపోయే మనిషి కాదు. ఆమె క్షమించే మనిషీ కాదు. ఇద్దరికీ ఒక్క పూట పడేది కాదు.

"ఏం మరదలా, కాజాలు కుడుతున్నావా, చేపలకి వల అల్లుతున్నావా?" అనేవాడు ఆయన, కోటును బల్బుకు ఎత్తి చూస్తూ.

"నువ్వు కోసిన కోటు తొడుక్కున్నవాడు చేపలాగే గిలగిల్లాడతాడు కదా బావా. వలైతేనే నయం."

"నోరు ఇంత సన్నంగా కుడుతుంది. చెయ్యి కూడా అలా కుడితే ఎంత బాగుండు."

"చెయ్యి బాగానే కుడుతోంది. ఒప్పుకోడానికి నీ నోరే కుట్టేసుంది."

గదిలో అందరూ తలలు వంచుకుని నవ్వుకునేవాళ్ళు. అక్క నవ్వేది కాదు. ఆ మాటల్లో సరసం ఎంత, విషం ఎంతో ఆమెకు తెలుసు. చెల్లెలికి ఆ మాట కావాలి. పనిలో చేరిన నాటినుంచీ కావాలి. కోటు ఇచ్చిన ప్రతిసారీ బావ మొహంకేసి ఒక్క క్షణం చూసి, ఏమీ రాకపోతే పళ్ళు బిగించి తన మూలకు వెళ్ళిపోయేది. కుళ్ళుమోతు బావ కావాలనే తొక్కిపెడుతున్నాడని ఆమె నమ్మకం. నిజం చెప్పాలంటే అక్కకూ ఆ అనుమానం ఉండేది.

కాజా అంటే చూసేవాళ్ళకు చిన్న చీలికే. గుడ్డను చీల్చి, పోగులు ఊడకుండా అంచు చుట్టూ ఒక్కొక్క ముడీ వేస్తూ రావాలి. ముడి పక్కన ముడి, చీమలబారులా. ఒక ముడి గీత తప్పితే మొత్తం బారు తప్పుతుంది. నల్ల గుడ్డమీద నల్ల దారంతో అయితే చూపు మొత్తం సూదిమొన మీదికి తెచ్చుకోవాలి.

ఒక రోజు పొద్దున చెల్లెలు పనికి వెళ్తూ అక్క ఇంటికి వచ్చింది. రోజూ అలాగే వచ్చేది, ఇద్దరూ కలిసి నడిచేవాళ్ళు. అక్క పొయ్యి దగ్గర సర్దుకుని వచ్చేసరికి చెల్లెలు గుమ్మంలో కూర్చుని సూదికి దారం ఎక్కిస్తోంది. దారాన్ని తడిచేసి పొడుస్తోంది. అది సూది పక్కన గాలిలోకి పోతోంది. మళ్ళీ తడిచేస్తోంది, మళ్ళీ గాలిలోకే.

"ఇటివ్వు" అంది అక్క.

"అక్కర్లేదు. దారం మంచిది కాదు."

"దారాన్నేం అంటావులే. ఎప్పట్నుంచి?"

చెల్లెలు సూదీ దారమూ ఒళ్ళో పడేసింది. తర్వాత చెప్పింది. డాక్టరుకు చూపించుకుందట. కళ్ళద్దాలు మార్చినా పెద్దగా లాభం లేదన్నాడట. మంచి వెలుతురుంటే ఇంకా కొన్నేళ్ళు పని చేసుకోవచ్చట. చీకటి మూలలో కూర్చుని కళ్ళు చించుకుంటే మాత్రం ఆయనేమీ చెయ్యలేడట.

"మీ బావతో చెబుతాను. బల్ల మార్పిస్తాడు."

"మార్పిస్తాడా? కాజాలు నా చేతిలోంచి లాక్కుని ఊడవమని చీపురిస్తాడు. చూడక్కా, ఈ సంగతి ఆయనకి తెలిసిందో, నేను నీకు చెల్లిని కాను."

ఆ రోజునుంచి అక్కకు కొత్త పని వచ్చిపడింది. పొద్దున్నే లేచి, ఒక ఉన్ని గుడ్డముక్క పరుచుకుని, ఆ రోజుకు కావలసినన్ని సూదులకు దారం ఎక్కించి, వరసగా గుచ్చి, చుట్ట చుట్టి చెల్లెలి చేతిలో పెట్టేది. చెల్లెలు దాన్ని కొంగుచాటున పెట్టుకునేది. పనిగదిలో ఒక దారం అయిపోగానే చుట్టలోంచి ఇంకో సూది తీసేది. ఎవరూ గమనించలేదు. ముడులు మాత్రం చూపుతో కాకుండా గోటితో తడుముకుంటూ వేసేది.

అక్క మొగుడితో చెప్పలేదు. కానీ అన్నం వడ్డించేటప్పుడల్లా అదే పాట.

"ఒక్కసారి ఆ మాట అంటే నీ నోట్లో ముత్యాలు రాలిపోతాయా?"

"ఏ మాట?"

"తెలియనట్టు అడక్కు. దాని కాజాలకి."

మాస్టరు ముద్ద కలుపుతూనే అన్నాడు. "బాగున్నదాన్ని బాగుందంటారు. ఇంకా బాగుంటే ఇంకా బాగుందంటారు. ఆ మాట ఈ నిచ్చెనకి పైమెట్టు కాదే. అది వేరే మేడ. మరదలు కదా అని మేడ మీదికి ఎత్తుకెళ్ళి దింపమంటావా?"

"మనసుంటే దింపొచ్చు."

"నాలుకుంటే అనొచ్చు అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను అందులో లేను. పచ్చడి వెయ్యి."

ఆమె పచ్చడి గిన్నె ఆయన ముందు ఠక్కున పెట్టి లోపలికి పోయింది.

అలా ఉండగా దుకాణం చిన్న యజమాని చేతిలోకి వచ్చింది. పెద్దాయన కొడుకు. మంచి చొక్కాలు, మంచి సెంటు, నోరు తెరిస్తే అదే మాట. టీ సూపర్బ్. వాన సూపర్బ్. గల్లాపెట్టె తాళం బిగుసుకుపోతే, "సూపర్బ్, ఇదొకటి తక్కువైంది" అనేవాడు. మొదటిసారి విన్నప్పుడు గదిలో సూదులన్నీ ఆగిపోయాయి. తర్వాత అలవాటైపోయింది. మాస్టరుకు మాత్రం కాలేదు. ఆ మాట వినబడినప్పుడల్లా ఎవరో తన అన్నంలో చెయ్యి పెట్టినట్టు చూసేవాడు.

ఒక మధ్యాహ్నం చిన్న యజమాని మేడమీదికి వచ్చాడు. ఒక పెద్ద ఖాతాదారు నల్లకోటు మర్నాటికి ఇవ్వాలి. మూలలో చెల్లెలు దాని కాజాలు ముగించి దారం తెంపుతోంది. ఆయన కోటును అందుకుని, అలా ఊపి చూసి, మళ్ళీ ఆమె ఒళ్ళో పెడుతూ అన్నాడు.

"కాజాలు సూపర్బ్."

ఆయనకు అది దగ్గులాంటిది. చెల్లెలికి కాదు. ఆమె లేచింది. కోటు భుజాన వేసుకుంది. తన రేకుపెట్టె చంకన పెట్టుకుంది. గది మధ్యలోంచి నడిచి కిటికీ బల్ల దగ్గర నిలబడింది.

"లే బాబాయ్."

కిటికీ దొర కునుకులోంచి తేరుకున్నాడు. "ఎందుకమ్మా?"

"నాకు మాట వచ్చింది."

"ఎవరన్నారు?"

"జీతమిచ్చేవాడు."

మాస్టరు తన కత్తెర బల్లమీద పెట్టాడు. "జీతమిచ్చేవాడు జీతమే ఇస్తాడు. ఆ మాట ఇవ్వడు."

చిన్న యజమానికి ఇదంతా తమాషాగా తోచింది. "ఒక మాటకేముంది మాస్టారూ. కావాలంటే అందరికీ ఇస్తాను."

"అందరికీ ఇస్తే అది మాట కాదు బాబూ, పలకరింపు. వెళ్ళి నీ మూలలో కూర్చో మరదలా."

"కూర్చోను. నీ నోటినుంచి రావాలంటే నేను కాటికి పోవాలి. ఆయన నోటినుంచి వచ్చింది. నాకదే చాలు."

"పోనీ కూర్చోనివ్వండి మాస్టారూ. మీ నాన్నగారి ఆస్తేం కాదుగా ఆ బల్ల" అన్నాడు చిన్న యజమాని.

"మీ నాన్నగారిదే" అన్నాడు మాస్టరు. "అదే నా బాధ."

దొర గొణుక్కుంటూ పక్కకు జరిగాడు. చెల్లెలు కిటికీ దగ్గర కూర్చుంది. గుండీలు కుడుతున్న అక్కకు ఆమె మొహం పక్కనుంచి కనబడుతోంది. వెలుతురు పడి ఆ మొహం పదేళ్ళు వెనక్కి పోయినట్టుంది. ఇంతకాలం కోరుకున్నచోట కూర్చుంది కదా, అందరికీ చూపించాలని కాబోలు, చెల్లెలు నల్లకోటు ముందుభాగం తీసి కిటికీలోకి ఎత్తింది.

ఎత్తి, అలాగే ఉండిపోయింది.

దగ్గరికి తెచ్చుకుంది. దూరం పెట్టి చూసింది. మళ్ళీ దగ్గరికి తెచ్చుకుంది. కాజా అంచుమీద గోరు నడిపింది. అక్క చేతిలో గుండీ ఆగిపోయింది. చెల్లెలికి ఏం కనబడుతోందో ఆమెకు అర్థమైంది. మూలలో ఉన్నంతకాలం చెల్లెలికి తన కాజా ఎలా ఉందో తెలియదు. వేళ్ళకు తెలిసిందే తెలుసు. ఇప్పుడు కళ్ళకు తెలుస్తోంది. ముడులు ఒకటి అటు, ఒకటి ఇటు, నీళ్ళు పోస్తే చెదిరిన చీమల్లా ఉన్నాయి.

చెల్లెలు పెట్టెలోంచి బ్లేడు తీసి మొదటి కాజా కుట్టు కోసేసింది. తర్వాత రెండోది.

"అయ్యో, రేపివ్వాల్సిన కోటది" అన్నాడు చిన్న యజమాని.

మాస్టరు వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. చెల్లెలు తల ఎత్తలేదు.

"బావా, ఇవి నీకు కనపడలేదా?"

"కనపడ్డాయి."

"ఇవేనా, వెనకటివి కూడానా?"

"వెనకటివీ."

"మరి నా మొహాన ఎందుకు కొట్టలేదు? అందరివీ కొడతావుగా."

"ఇంటికెళ్తే మీ అక్క అన్నం పెట్టాలి కదా నాకు" అన్నాడు మాస్టరు.

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. చెల్లెలి చెంపలు కందిపోయాయి. కొట్టినా అంత కందేవి కావు. తొక్కిపెడుతున్నాడనుకున్న మనిషి ఇన్నాళ్ళూ మోస్తున్నాడు. అదీ ఆమె కోసం కాదు, తన కంచం కోసం. ఆమెకు తిట్టడానికి కూడా ఏమీ మిగలలేదు.

"చేతకాకపోతే చెప్పాలి. ఎందుకిలా పాడుచేస్తున్నావు? ఒళ్ళు బలిసిందా?" అన్నాడు మాస్టరు.

"బలిసింది" అంది చెల్లెలు, మూడో కాజా కోస్తూ. "బలిసే చేశాను. పనిలోంచి తీసెయ్యి."

ఆమె నిజంగానే పోతుందని అక్కకు అనిపించింది. ఆ పెట్టె చంకన పెట్టుకుని మెట్లు దిగి, మళ్ళీ ఆ వీధి మొహం చూడదు. ఏ అద్దె గదిలోనో చీకట్లో గోడకేసి చూస్తూ కూర్చుంటుంది. అక్క నోరు తనను అడక్కుండానే తెరుచుకుంది.

"దానికి కళ్ళు కనపడవు."

గదిలో తలలన్నీ ఆమెవైపు తిరిగాయి.

"బల్బు కింద సూది బెజ్జం కూడా కనపడదు. రోజూ నేనే దారాలు ఎక్కించి ఇస్తున్నాను. వెలుతురుంటే కుడుతుందని డాక్టరు చెప్పాడు. అది కుట్టలేక కాదు" అంది అక్క.

చిన్న యజమాని గడ్డం గోక్కున్నాడు. "అరే. ముందే చెప్పొచ్చు కదా. కాజాల మెషీన్ ఒకటి చూశాను నేను. సూపర్బ్‌గా కుడుతుంది. ఈవిడకి కింద వేరే ఏదో..."

"నేను కోసిన కోటుకి మెషీన్ కాజా పెడితే, ఆ కోటు తొడిగి నన్ను పాతెయ్యండి" అన్నాడు మాస్టరు. మరదలిమీద ప్రేమ పుట్టి అన్న మాట కాదది. కోటుమీద పౌరుషం. తర్వాత దొరవైపు తిరిగాడు. "పెద్దాయనా, నీ పెట్టె తియ్యి. వీధి చూడాలంటే గుమ్మంలో కూర్చుని చూడు. బాగా కుట్టేవాడివి, నీకు బల్బు చాలు. చూపులేనిదానికి కదా కిటికీ కావాల్సింది."

మళ్ళీ అందరికీ వినబడేట్టు అన్నాడు. "ఎవరూ పొరపాటు పడొద్దు. ఇది సూపర్బ్ అని కాదు. ఆ మాట నేను అనలేదు. ఇవాళ్టినుంచి ఆ మాటకీ ఈ బల్లకీ సంబంధం లేదు."

"అనక్కర్లేదు" అంది చెల్లెలు. "ఇలాంటి కాజాలకి నువ్వా మాట అనుంటే నీ మొహాన ఉమ్మేసేదాన్ని."

ఆ సాయంత్రం ఎండ వాలకముందే ఆమె నల్లకోటు కాజాలన్నీ మళ్ళీ కుట్టింది. మాస్టరు చూసి ఏమీ అనకుండా పక్కన పెట్టాడు. దిగేటప్పుడు మెట్లమీద అక్క ఆమె మోచెయ్యి పట్టుకోబోయింది. చెల్లెలు చెయ్యి విడిపించుకుంది.

"ఏం చెప్పానో గుర్తుందిగా. నేను నీకు చెల్లిని కాను."

మాట అంటే మాటే. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఆమె కిటికీ దగ్గరే కుట్టింది. బావతో రోజూ పోట్లాడింది, వెనకటికన్నా హుషారుగా. శత్రువుతో మాట్లాడింది, అక్కతో మాట్లాడలేదు. కలిసి నడవడం మానేసింది. అక్క మాత్రం పొద్దున్నే సూదులకు దారం ఎక్కించడం మానలేదు. ఉన్నిచుట్టను చెల్లెలి తలుపు గొళ్ళానికి తగిలించి వచ్చేది. సాయంత్రానికి ఖాళీ చుట్ట అక్క గుమ్మంలో పడి ఉండేది. పెట్టినట్టు కాదు, విసిరినట్టు. గదిలో చెల్లెలు కాజా ముగించిన కోటే అక్క ఒళ్ళోకి వచ్చేది. గుండీని సరిగ్గా ఆ కాజాకు ఎదురుగా పెట్టి కుట్టాలి. మూసి చూసుకోవాలి. రోజూ ఆమె చెల్లెలి చేతి పనిని అలా మూసి, తెరిచి, మళ్ళీ మూసేది. ఇద్దరి మధ్య మిగిలిన మాటలు అవే.

చెల్లెలికి జబ్బు చేసినప్పుడు అక్క వెళ్ళి మంచం పక్కన కూర్చుంది. చెల్లెలు గోడవైపు తిరిగి పడుకుని, సాయం ఉన్న పక్కింటావిడతో అంది. "ఆవిణ్ని పొమ్మను. అక్కడ గుండీలు ఆగిపోతాయి." అంతకు మించి అనలేదు. రెండు రోజుల్లో పోయింది.

పరామర్శకు వచ్చిన చిన్న యజమాని కుర్చీ అంచున కూర్చుని, ఏమనాలో తోచక అన్నాడు. "చాలా సూపర్బ్ మనిషండీ ఆవిడ."

మాస్టరు తలెత్తి చూశాడు. ఏదో అనబోయి మింగేశాడు. యజమాని వెళ్ళిపోయాక ఇంట్లో మొగుడూ పెళ్ళాలే మిగిలారు. అక్క చేతిలో ఉన్నిచుట్ట ఉంది. ఆ పొద్దున కూడా అలవాటుగా సూదులకు దారాలు ఎక్కించేసింది. ఎక్కించాక గుర్తొచ్చింది.

"ఒక మాట అడుగుతాను, నిజం చెప్పు" అంది. "కిటికీ దగ్గరికి వచ్చాక దాని పని ఎలా ఉండేది?"

"బాగుండేది."

"బాగుండడం అంటే?"

మాస్టరు గాల్లో ఒక కాజా తడుముతున్నట్టు బొటనవేలు కదిపాడు. "ఒక బూడిదరంగు కోటుంది. మొన్నటి చలికాలం ముందు కుట్టింది. దాని కాజాలు..." అని ఆగాడు. "సూపర్బ్."

ఆ ఇంట్లో ఆయన నోట ఆ మాట వినబడడం అదే మొదలు. అక్కకు ఒక్క క్షణం వేరే ఎవరో అన్నట్టనిపించింది.

"నిజంగానా?"

"ఆ ముడుల మీద చెయ్యి వెయ్యడానికి ఏమీ లేదు. కిందికి పంపేముందు మూడుసార్లు తీసి చూశాను."

"మరి దానికి చెప్పలేదేం?"

ఆయన నిజంగానే అర్థం కానట్టు ఆమెవైపు చూశాడు. "అప్పటికే కిటికీ దగ్గర కూర్చునుంది కదే. ఇంక చెప్పి ఏం లాభం?"

అక్క ఉన్నిచుట్టను మడిచి గూట్లో పెట్టింది. వెళ్ళి పొయ్యి దగ్గర నిలబడింది. గిన్నె ఎక్కడిదక్కడే ఉంది, బియ్యం కడిగి ఉన్నాయి. ఆమె నీళ్ళు వంపేసి బియ్యాన్ని చాటలో ఆరబోసింది. ముందుగదిలో మాస్టరు చాలాసేపు కూర్చున్నాడు. మెల్లగా పీట వాల్చుకున్న చప్పుడైంది, కంచం పెట్టుకున్న చప్పుడైంది. ఆమె పెరటి గుమ్మంలో ఆయనకు వీపు పెట్టి కూర్చుంది. ఆ పూట ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు.